ఏలీయా వాన ఆపినాడు సరే, మధ్యలో రైతేం పాపం చేసినాడు?

ఎండిన_వంక (అనంతపురం జిల్లా)

అన్నలకు అక్కలకు నమస్కారం. మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. వచ్చే ఆదివారం మా చర్చిలో యూత్ మీటింగ్ ఉండాది, పాస్టర్ గారు పిలిచి బైబిల్లో ఉండే ఏలీయా ప్రవక్త గురించి 20 నిమిషాలు మాట్లాడు రా అన్నారు, నేనూ సరే అనేసినా, సండే స్కూల్లో చిన్నప్పటి నుంచి విన్న కథే గదా, కాకులు రొట్టె తెచ్చేది, కర్మెలు కొండ మీద ఎవరి దేవుడు నిజమని పందెం పెడితే అగ్ని దిగేది, ఆఖర్న అగ్ని రథం వచ్చేది, ఇంతే గదా అనుకున్నా.

నిన్న పగలంతా శనక్కాయ పీకి వామి వేసొచ్చి రాత్రి కూర్చోని 1 రాజులు 17వ అధ్యాయం బయటికి చదివినా. మా అవ్వకు చదువు రాదు, నేను చదివితే వింటాది. మొదటి వచనం కాడనే ఆపింది. నేను చెప్తే తప్ప మంచు గానీ వాన గానీ పడదు అని ఏలీయా ఇశ్రాయేలు రాజు అహాబుతో అంటాడు గదా, దానికి అవ్వ అడిగింది, తప్పు చేసింది రాజు, రాజు పెండ్లాం. వాన ఆగింది ఎవరికి రా? రాజేమన్నా కూడు మానినాడా? సచ్చేది మాలాంటోళ్లే గదా, అంత శక్తి ఉండే ప్రవక్త ఆ రాజునొక్కన్నే ఏమన్నా చేసుకోవచ్చు గదా అని. నా కాడ జవాబు లేదు. మా అవ్వ చిన్నపిల్లప్పుడు 1952 కరువులో గంజి కేంద్రం కాడ సత్తు గిన్నె పట్టుకోని నిలబడిన మనిషి, ఆమెకు దేవుని చిత్తం అని ఒక్క మాట చెప్పి తప్పించుకోలేను.

ఇంకో రెండు డౌట్లు కూడా. కరువు మూడేండ్లా, మూడున్నరేండ్లా? ఒక్కోచోట ఒక్కో మాదిరి ఉండాది. రెండోది, అంత కరువులో కర్మెలు పందెం కాడ బలిపీఠం మీద 12 కుండల నీళ్లు కుమ్మరించినారంట, యాడివి ఆ నీళ్లు? మా ఊర్లో ట్యాంకరు వస్తే బిందె బిందెకు కొట్లాటలు, అందుకే అడుగుతాండా.


బురుజు_కింద (కర్నూలు)

తమ్ముడూ, మీ అవ్వ బలే అడిగింది. ముందు చిన్నవి తేల్చేద్దాం. 1 రాజులు 18:1లో మూడో సంవత్సరంలో దేవుడు మాట్లాడినాడు అని ఉంటుంది, లూకా 4:25, యాకోబు 5:17లో మాత్రం మూడున్నరేండ్లు. మామూలుగా చెప్పేది ఏందంటే మూడో సంవత్సరం అనేది ఏలీయా సారెపతు అనే ఊరికి పోయినప్పటి నుంచి లెక్క, లేదంటే ఎప్పుడూ ఉండే ఆరు నెలల ఎండకాలం కూడా కలుపుకుంటే మూడున్నర. ఆ దేశంలో వానలు మనకు మాదిరి జూన్‌లో రావు, చలికాలంలో వస్తాయి, ఎండకాలమంతా చుక్క పడదు. నీళ్లకు కర్మెలు కొండ సముద్రం పక్కనే ఉంది, కింద కీషోను వాగు ఉంది, కొండ బుగ్గ నీళ్లని కొందరు, సముద్రం నీళ్లని కొందరు అంటారు. నాలుగు కుండలు మూడు తూర్లు పోసినారు, అదీ 12 లెక్క, ఇశ్రాయేలు 12 గోత్రాలకు.

ఇంక అసలు ప్రశ్న. వానే ఎందుకు ఆగింది, తెగులో భూకంపమో ఎందుకు రాలేదు అని ఆలోచించు. అహాబు పెండ్లాం యెజెబెలు సీదోను రాజు ఎత్బయలు కూతురు, ఆమెతో పాటు బయలు పూజ కూడా రాజుగారింట్లోకి వచ్చింది. బయలు అంటే ఏదో ఒక విగ్రహం అని మనం చదువుకుంటా పోతాం గానీ ఆయన వానకు, ఉరుముకు దేవుడు. సిరియా సముద్రం ఒడ్డున రాస్ షమ్రా అనే చోట 1929 నుంచి తవ్వకాలు చేస్తే ఉగరితు అనే పాత ఊరు బయటపడింది, ఆ మట్టి పలకల మీద బయలు కథలే ఉన్నాయి, మబ్బుల మీద సవారీ చేసేవాడు అని ఆయనకు బిరుదు. అంటే ఇది వాన ఎవరి చేతిలో ఉంది అనే పంచాయితీ. వాన దేవుడు అని మీరు మొక్కుతాండారు గదా, ఏదీ పడిపించమనండి చూద్దాం అన్నట్టు. వేరే దేవుళ్ల వెంట పోతే ఆకాశం మూసుకుంటుంది అని ద్వితీయోపదేశకాండం 11లో ముందే ఉంది, ఏలీయా కొత్తగా తెచ్చిపెట్టింది కాదు. ఆయన పేరే జవాబు, ఏలీయా అంటే యెహోవాయే నా దేవుడు అని అర్థం. కర్మెలు మీద అగ్ని దిగినాక జనం అరిచింది కూడా ఆ మాటే గదా.

మేం కతోలికులం, మాకు ఏలీయా అంటే కర్మెలు సభ గుర్తొస్తుంది. ఆ కొండ మీద గుహల్లో ఉండిన సన్యాసులతోనే 800 ఏండ్ల కింద ఆ సభ మొదలైంది, వాళ్లు ఏలీయానే తమ మూలపురుషుడు అనుకుంటారు. జూలై 20 ఆయన పండగ. కొండ మీద ఆ చోటును ముహ్రఖా అంటారు, అరబ్బీలో కాలిన చోటు అని.


పెన్నా_గాలి (కడప)

బురుజు అన్నా బాగా చెప్పినావు. నేను ముస్లింని, నాకు తెలిసింది ఒక మాట. మా ఖురాన్‌లో ఈయన్ని ఇల్యాస్ అంటారు. 37వ సూరా సాఫ్ఫాత్‌లో 123వ ఆయతు కాడి నుంచి ఉంటుంది, తన జనాన్ని నిలదీస్తాడు, అందరికంటే బాగా సృష్టించేవాన్ని వదిలేసి మీరు బాల్‌ను పిలుస్తారా అని. బాల్ అనే పేరు అక్కడ సూటిగా ఉంది, మీ బయలే. 6వ సూరాలో జకరియ్యా, యహ్యా, ఈసాలతో కలిపి ఈయన పేరు కూడా వస్తుంది. మన కడపలో ఏ వీధిలో నిలబడి ఇలియాస్ భాయ్ అని పిలిచినా ఒకరన్నా తిరిగి చూస్తారు, మా చిన్నాయన పేరే అది, సండే స్కూలు పిల్లోల్లకు ఇలియాస్ అన్నా ఏలీయా అన్నా ఒకరే అని తెలిస్తే ఎంత ఆశ్చర్యపోతారో.

వానలు లేని ఏడాది మేం ఈద్గాలో ఇస్తిస్ఖా నమాజు చేస్తాం, ఊర్లలో విరాటపర్వం చదివిస్తారు, కప్పలకు పెండ్లి చేస్తారు, చర్చిల్లో ఉపవాస ప్రార్థనలు పెడతారు, అందరూ చూసేది ఆ పైకే. నీ మీటింగ్‌లో ఇది చెప్పు తమ్ముడూ.


ఎండిన_వంక

థాంక్స్ అన్నా, థాంక్స్ భాయ్. బురుజు అన్న చెప్పింది అవ్వకు చదివి వినిపించినా. అంతా ఇని, వాన ఎవరిదో తేల్చుకోవాలంటే వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాల, మధ్యన మా చేను ఎండబెట్టి తేల్చుకునేదేంది అనింది. మళ్ల మొదటికే వచ్చినా.


పాత_చాక్‌పీస్ (గుత్తి)

నాయనా, నేను రిటైర్డు టీచర్ని, తెలుగు చెప్పేవాన్ని. మీ అవ్వ అడిగిన ప్రశ్న నిన్నామొన్నటిది కాదు, యూదు పండితులు ఎప్పుడో అడిగేసినారు, తాల్మూదు అనే వాళ్ల పాత ధర్మ గ్రంథంలో సన్హెద్రిన్ అనే భాగంలో దీని మీద ఒక కథ ఉంది. అది చెప్తా గానీ ముందు బైబిల్‌లో ఉండేదే సరిగ్గా చూద్దాం, మనం కాకుల కాడ నిలబడిపోయి పక్క వచనం చూడము.

ఏలీయాను దేవుడు కెరీతు వాగు పక్కన దాక్కోమన్నాడు. వాగు అంటే మన లెక్కలో వంక అనుకో, నీ పేరు మాదిరే. పొద్దున సాయంత్రం కాకులు రొట్టె, మాంసం తెచ్చి ఇచ్చేవి, నీళ్లు ఆ వంకవే. కొన్నాళ్లకు ఏమైంది? దేశంలో వాన లేదు గనక ఆ వంక ఎండిపోయింది. ఎవరు ఆపిన వాన? ఈయన ఆపిందే. ప్రవక్తకు ఒక్కనికి ప్రత్యేకంగా ఊట పుట్టించి ఉండొచ్చు దేవుడు, పుట్టించలేదు. కూర్చోని రోజురోజుకూ ఆ నీళ్లు తగ్గేది చూసింటాడు, మొదట మోకాలు లోతు, తర్వాత గుంటలు, తర్వాత తడి ఇసుక, చెలమ తవ్వుకొని దోసిలి నింపుకోవడం. ఇదంతా బైబిల్లో రాయలేదు, నేను చెప్పుకుంటాండా, మన వంకలు ఎండేది చూసినోనికి వేరే రాసి చూపించాల్నా.

తర్వాత యాడికి పంపినాడు? సారెపతుకు. అది తూరు, సీదోను మధ్యన ఉండే ఊరు, యెజెబెలు పుట్టింటి దేశం, బయలు సొంత ఇలాకా. అక్కడా వాన లేదు! వాన దేవుని ఊర్లోనే వాన లేదు. ఎత్బయలు కాలంలో ఒక ఏడాది వాన లేకుండా పోయిందని మెనాండరు అనే పాత చరిత్రకారుడు రాసినట్టు జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు తన పుస్తకంలో చెప్తాడు, అది వేరే సంగతి. ఊరి వాకిట్లో ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటాంది. నీళ్లు అడిగినాడు, తేబోతాంటే రొట్టె కూడా అడిగినాడు. ఆమె ఏమనిందంటే, తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో రవ్వంత నూనె ఉంది, రెండు పుల్లలు ఏరుకోనిపోయి నాకూ నా కొడుక్కూ చేసుకోని తిని సచ్చిపోతాం అని. ఏలీయా ముందు నాకో చిన్న అప్పం చేసి తీసుకరా అన్నాడు. ఇక్కడ నాకు ఎన్ని తూర్లు చదివినా కోపం వస్తుంది, నిజం చెప్తాండా. కానీ ఆ పిండి అయిపోలేదు, నూనె తగ్గలేదు, కరువు పోయిందాకా ఆ ముగ్గురూ ఒకే తొట్టిలోది తిన్నారు. వాన ఆపిన మనిషి ఒక పేదరాలి ఇంటి మిద్దె గదిలో, ఆమె పెట్టింది తింటా బతికినాడు.

ఇప్పుడు తాల్మూదు కథ. ఆ పిల్లోడు జబ్బు చేసి సచ్చిపోతాడు గదా. ఏలీయా వాన్ని బతికించమని వేడుకుంటాడు. పండితులు ఏమంటారంటే, దేవుని కాడ మూడు తాళంచెవులు ఉన్నాయి, కాన్పుది ఒకటి, వానది ఒకటి, సచ్చినోళ్లను లేపేది ఒకటి, వాటిని ఆయన ఎవరి చేతికీ ఇయ్యడు. వాన తాళంచెవి మాత్రం ఏలీయా అడిగి తీసుకున్నాడు. లోకం అల్లాడిపోతాంటే చూసి దేవుడే ఆయన్ని సారెపతుకు పంపినాడంట. ఇప్పుడు పిల్లోని కోసం ఇంకో తాళంచెవి అడిగితే, రెండు శిష్యుని కాడ, ఒకటి గురువు కాడ ఉంటే బాగుంటుందా, అది ఇచ్చి ఇది తీసుకపో అన్నాడంట. అంటే ఒక పేదింటి పిల్లోడు బతకాలంటే వాన తాళంచెవి తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. 18వ అధ్యాయంలో దేవుడు నువ్వు పోయి అహాబుకు కనపడు, నేను వాన కురిపిస్తా అంటాడు చూడు, నేను అని.

మీ అవ్వకు ఇది చెప్పు. ఒప్పుకుంటుందో లేదో నాకు రాయి. ఆ పిల్లోడే పెద్దయినాక యోనా ప్రవక్త అయినాడని కూడా యూదుల్లో ఒక కథ ఉంది.


రెండెడ్ల_సేద్యం (ఆదోని, కర్నూలు జిల్లా)

నేను గుడికి పోను, చర్చికి పోను, మసీదుకు పోను, కానీ చరిత్ర అంటే పిచ్చి, అందుకే దూరినా. ఏలీయా గురించి బైబిల్ బయట ఆ కాలపు శాసనం లేదు, కానీ అహాబు మాత్రం పక్కా. అస్సిరియా రాజు మూడో షల్మనేసరు రాతి పలక ఒకటి 1861లో టర్కీలో కుర్ఖ్ అనే చోట దొరికింది, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 853లో ఖర్ఖర్ కాడ జరిగిన యుద్ధం గురించి రాస్తా, తనకు ఎదురొచ్చినోళ్లలో ఇశ్రాయేలు అహాబు 2,000 రథాలు, 10,000 మంది సైనికులతో వచ్చినాడు అని ఉంది. ఆ అంకెలు రవ్వంత పెంచి రాసినారని అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఆ 2,000 రథాలు పక్కన పెట్టుకోని 1 రాజులు 18:5 చదవండి. దేశమంతా ఎండిపోయింది, రాజు బయటికి వచ్చినాడు, దేనికి? జనానికి గింజలు ఇయ్యడానికి కాదు. తన మంత్రి ఓబద్యాను పిలిచి, నువ్వు ఒక పక్క పో నేను ఒక పక్క పోతా, నీటి ఊటల కాడ వంకల కాడ గడ్డి దొరుకుతుందేమో చూద్దాం, గుర్రాలు, కంచర గాడిదలు సావకుండా అంటాడు. గుర్రాలు అంటే రథాలు, రథాలు అంటే మిలిటరీ. అవ్వా, నీ డౌటుకు నా జవాబు ఇదే, రాజు కూడు మానలేదు గానీ వాని మిలిటరీ కాడికి వచ్చింది కరువు. అదే టైంలో ఆ ఓబద్యా ఏం చేస్తాండాడు, యెజెబెలు సంపుతాంటే 100 మంది ప్రవక్తల్ని 50 మంది చొప్పున గుహల్లో దాచి రొట్టె నీళ్లు పంపుతాండాడు, రాజు ఇంట్లో ఉండుకుంటానే. మన పక్క 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఇంటి ముందర పొయ్యిలు పెట్టించి గంజి పోయించినాడు, పాటలు కట్టి పాడుతారు గదా ఇప్పటికీ. ఓబద్యా మీద ఒక్క పాటన్నా విన్నారా ఎవరైనా?

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడదు. కర్మెలు మీద గెలిచినాక 450 మంది బయలు ప్రవక్తల్ని కీషోను వాగు కాడికి తీసుకపోయి నరికినారు. ఆ వచనం యూత్ మీటింగ్‌లో ఎగరగొట్టొద్దు తమ్ముడూ, చదువు.


గోరింట_ఆకు (ప్రొద్దుటూరు)

నేను కూడా అదే అనుకుంటాండా అన్నా, ఎగరగొట్టకూడదు. కానీ 19వ అధ్యాయం కూడా దాని పక్కనే ఉంది. అంత గెలిచిన మనిషి, అహాబు రథం ముందర యెజ్రెయేలు ఊరి దాకా పాతిక ముప్పై కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి, యెజెబెలు ఒక్క కబురు పంపేసరికి భయపడి బెయేర్షెబా అవతల ఎడారిలోకి పోయి ఒక చెట్టు కింద పడుకోని నాకు సావు రానీ అంటాడు. మా ఇంట్లో ఒకరు డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఆ అధ్యాయం నేను ఎన్ని తూర్లు చదివినానో. దేవదూత వచ్చి ఆయన్ని తిట్టలేదు, ప్రసంగం చెప్పలేదు, లేసి తిను అనింది. నిప్పుల మీద కాల్చిన రొట్టె, తలకాడ నీళ్ల బుడ్డి. తిని మళ్ల పడుకున్నాడు, మళ్ల లేపి మళ్ల తినిపించింది. దూత కూడా ముందు కూడే పెట్టింది!

హోరేబు కొండ మీద పెద్ద గాలి వచ్చింది, అందులో దేవుడు లేడు. భూకంపం, అందులో లేడు. అగ్ని, అందులోనూ లేడు. ఆ తర్వాత నిమ్మళంగా మాట్లాడే ఒక స్వరం. కర్మెలు మీద అగ్నితో గెలిచినోనికి ఈ మాట చెప్పడం చూడండి, ఆదోని అన్నకు దేవుడే జవాబు చెప్పినట్టు నాకు అనిపిస్తుంది, మీకు అనిపించకపోవచ్చు. ఈయనేమో నేనొక్కన్నే మిగిలినా అని ఏడుస్తాడు, 100 మందిని దాచినా అని ఓబద్యా చెప్పింది అప్పుడే మర్చిపోయినాడు పాపం. దేవుడు 7,000 మంది ఉన్నారు పో అంటాడు.

తమ్ముడూ, నాబోతు కథ (21వ అధ్యాయం) మర్చిపోవద్దు. రాజు ఇంటి పక్కన ద్రాక్షతోట, కూరగాయల తోట చేసుకుంటా ఇయ్యమన్నాడు, నాబోతు మా తాతల నాటి భూమి ఇయ్యను అన్నాడు. దొంగ సాక్షులు, రాళ్లతో కొట్టి సంపేది, భూమి కబ్జా. యెజెబెలు రాజుగారి ముద్ర వేసి ఉత్తరం రాసింది, పెద్దమనుషులు ముద్ర చూసి పని చేసేసినారు. అప్పుడు ఏలీయా ఆ తోటలోనే అహాబు ముందర నిలబడి, సంపి స్వాధీనం కూడా చేసుకుంటివా అని అడుగుతాడు. మీ అవ్వ రాజునొక్కన్నే ఏమన్నా చెయ్యొచ్చు గదా అనింది, ఇదిగో ఇక్కడ చేసినాడు, ఒక్క రైతు కోసం. మన సీమలో భూమి తగాదా లేని ఊరు యాడుంది చెప్పండి, ఈ ముక్క చెప్తే నిద్రపోయేవాళ్లు కూడా లేస్తారు.


పాత_చాక్‌పీస్

అమ్మా, బంగారం మాదిరి చెప్పినావు. ఒక్క ముక్క కలుపుతా. తన తర్వాత ప్రవక్తగా ఉండాల్సిన ఎలీషాను ఏలీయా పిలిచినప్పుడు ఆయన 12 జతల ఎద్దులతో దుక్కి దున్నిస్తాండాడు, కరువు పోయినాక పదును దొరికి దున్నుతాండాడని నా ఊహ. ఏలీయా తన పైబట్ట ఆయన మీద వేసినాడు. ఆ బట్ట అంటే సిల్కు శాలువా అనుకోవద్దు, మన కురుబోళ్లు గొర్రెలు కాసేటప్పుడు భుజాన వేసుకునే కంబళి మాదిరి అనుకో. ఆఖర్న అగ్ని రథం వచ్చి ఏలీయా ఆకాశానికి పోయినప్పుడు కింద పడింది కూడా అదే. ఆయన సావలేదు గనకే యూదులు ఇంకా ఎదురు చూస్తారు, బైబిల్లో మలాకీ గ్రంథం ఆఖరి వచనాల్లో మళ్ల వస్తాడని ఉంది గదా, పస్కా పండగ రాత్రి భోజనం కాడ ఆయన కోసం ఒక గ్లాసు ద్రాక్షారసం పోసి పెట్టి తలుపు తెరుస్తారు. పిల్లోనికి సున్నతి చేసేటప్పుడు ఆయనకని ఒక కుర్చీ వేస్తారు. బాప్తిస్మమిచ్చే యోహానును చూసి నువ్వు ఏలీయావా అని అడిగింది కూడా అందుకే.


ఎండిన_వంక

అందరికీ దండాలు. రాత్రి మొత్తం అవ్వకు చదివినా. తాళంచెవి కథ రెండు తూర్లు చెప్పించుకుంది. ఒప్పుకుందా అంటే, ఒప్పుకోలేదు సార్. ఆ వంక ఎండింది బాగుంది, ఆయనకూ తెలిసొచ్చింది, అయినా నా ప్రశ్న నాదే అనింది. విధవరాలి కాడ మాత్రం చానా సేపు గమ్మున ఉండింది, తర్వాత ఆమె పేరేంది అని అడిగింది. బైబిల్లో లేదవ్వా అంటే, ఉండదులే, ఆమెది యాడ రాస్తారు అనింది. మీటింగ్‌లో నేను సారెపతు, నాబోతు రెండే చెప్పాలనుకుంటాండా, కీషోను వచనం కూడా చదువుతా.

ఆఖర్న వాన వస్తాందేమో చూడమని ఏలీయా పంపిన పనిపిల్లోడు ఏడు తూర్లు సముద్రం తట్టు చూసొచ్చి చిన్న మేఘం కనపడింది అనే ముక్క చదువుతాంటే అవ్వ ఎంత మేఘం అనింది. మనిషి చెయ్యంత అన్నా. అయితే లెయ్ రా, పడమట పొద్దున్నుంచి అంతకంటే పెద్దదే లేస్తాంది, వామి మీద పట్ట లేదు, కాయ తడిస్తే బూజు పడుతుంది అని తరుముకుంది. పోతాండా అన్నా, పట్టలు కప్పాల, మిగతాది తర్వాత.